వియ్యపురాలితో పరుగు పందెం

అరవై దాటిన ఆడవాళ్ల విభాగంలో రెండేళ్లు వరసగా నేనొక్కదాన్నే పోటీదారుని. మొదటి ఏడు గడువు దాటాక చేరాను కాబట్టి పతకం లేదు. రెండో ఏడు గడువు లోపల చేరాను కాబట్టి ప్రథమ స్థానం ఇచ్చారు. ఒక్కరే రాసిన పరీక్షలో ఫస్టు రావడం ఎంత గొప్పో, లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయినా ఆ పతకాన్ని టీవీ పక్కన మేకుకి తగిలించాను. మావారు దానికి రోజూ దుమ్ము దులిపేవారు. దులుపుతూ, రెండో స్థానం ఎవరికొచ్చిందని అడిగేవారు.

మూడో ఏడు ఆ ప్రశ్నకి జవాబు దొరికే వీలు కలిగింది. మా వియ్యపురాలు కూడా పేరిచ్చారు.

పందెం సంగతి ముందు చెప్పాలి. టెక్కలి, పలాసల్లో ఉండే డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు కొందరు కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. శనివారాలు సాధన. ఏడాదికోసారి ఒక ఆదివారం వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున పందెం. కుర్రవాళ్లకి ముందు సముద్రంలో ఈత, తరవాత సైకిలు, తరవాత పరుగు. మా వయసువాళ్లకి ఈత తీసేసి, దాని బదులు ఇంకో పరుగు పెట్టారు. మూడు కిలోమీటర్లు పరుగు, పదహారు కిలోమీటర్లు సైకిలు, ఆఖర్న మళ్లీ రెండు కిలోమీటర్లు పరుగు. అంతా రెండు గంటల్లో అయిపోవాలి. ఒక్క నిమిషం దాటినా లెక్కలోకి రాదు.

పరుగు అన్న మాట క్లబ్బువారిది. నేను చేసేది గట్టి నడకకీ పరుగుకీ మధ్య ఉండే ఒక పని. టెక్కలి బస్టాండులో బస్సు కదిలిపోతుంటే సంచీలు పట్టుకుని అందరూ చేసేదే. నాకు షుగరు వచ్చిందని ఐదేళ్ల కిందట డాక్టరు నడవమన్నాడు. ఎంత నడవాలో చెప్పలేదు. కొలత లేని పని నాకు చేతకాదు కాబట్టి కొలుచుకుంటూ నడిచాను. కొలుచుకుంటే పెంచాలనిపిస్తుంది. అలా ఈ గోతిలో పడ్డాను. సైకిలు కొత్త కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బడికి సైకిలు మీదే వెళ్లాను. ఇప్పటికీ అదే సైకిలు.

మా వియ్యపురాలు పలాసలో ఉంటారు. నాకన్నా మూడేళ్లు చిన్న. ఉద్దానం పల్లెల్లో నర్సమ్మగా ముప్పై ఏళ్లు పైగా పనిచేశారు. పసిపిల్లలకి టీకాలు వెయ్యడం, బరువు తూచడం, కడుపుతో ఉన్నవాళ్లని ఆసుపత్రికి పంపడం, అన్నీ ఇసక బాటల్లో నడిచో సైకిలు తొక్కో చేశారు. రిటైరై అప్పటికి ఏడాది. ఆవిడ కాళ్లు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి. ఆవిడ ఒక్కగానొక్క కొడుక్కి మా అమ్మాయినిచ్చాం. అతను రైల్వేలో గుమస్తా. మా అమ్మాయి అక్కడి ఆసుపత్రిలో నర్సు, డయాలసిస్ విభాగంలో.

ఆవిడ నన్ను వదినగారూ అంటారు. నేనూ ఆవిడని వదినగారూ అంటాను. పిలుపు ఒకటే అయినా ఎత్తు ఒకటి కాదు. ఆవిడ మగపిల్లాడి తల్లి. పెళ్లినాడు ఆవిడ కూర్చున్నాక నేను కూర్చున్నాను. పెళ్లయి నాలుగేళ్లయినా, మా ఇంట్లో ఆవిడ భోంచేసి చెయ్యి కడుక్కునేదాకా నేను కంచం ముందు కూర్చోలేదు. మర్యాదలు అడిగే మనిషి కాదావిడ. కాని అడిగి చేయించుకున్న మర్యాదని లోపల విసుక్కోవచ్చు. అడగని మర్యాదతో ఆ సౌకర్యం కూడా ఉండదు.

శనివారాల కోసం ఆవిడ సైకిలు మా ఇంట్లోనే ఉండేది. పందెం ముందురోజు పలాస నుంచి తొలి బస్సులో వచ్చేశారు. సెలవు పెట్టి మా అమ్మాయి, ఏడాదిన్నర పాపా కూడా వచ్చారు. పాపని మావారికి అప్పగించి మేమిద్దరం క్లబ్బువాళ్లతో నౌపడ రోడ్డెక్కాం. వెలుగు వచ్చేసరికి ఉప్పు మళ్ల దగ్గరున్నాం. మళ్లలో ఉప్పు గోరుతున్నవాళ్లు మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు. వాళ్లు మాకన్నా ముందే లేచారు, మాకన్నా ఎక్కువ వంగారు, పతకాల మాట వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

సైకిలు మీద నేను ముందు, పరుగులో ఆవిడ ముందు. మొత్తం కూడితే మా ఇద్దరికీ తేడా ఒక్క నిమిషం. ఆ నిమిషం నాది. ఆ లెక్క నేను పైకి చెప్పలేదు. ఆవిడ లెక్కలు కట్టరు గాని కళ్లున్నాయి.

"రేపు మీ పతకం నా మెళ్లో పడితే ఏటి సేత్తారు వదినగారూ?" అన్నారు తొక్కుతూ.

"రెండో స్థానానికి కూడా పతకం ఉందిట లెండి," అన్నాను.

"అయితే అది మీరట్టుకోండి. మీ దగ్గిర లేదు కదా," అన్నారు.

బాగానే నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక ఆవిడ స్నానానికి వెళ్లారు. మా అమ్మాయి నన్ను వంటింట్లోకి లాగింది. పాపకి రాగిజావ తాగిస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"అమ్మా, రేపు ఒక్కసారికి ఓడిపోమ్మా."

విషయమేమిటంటే, దానికి విశాఖపట్నంలో ఆరు నెలల శిక్షణకి అవకాశం వచ్చింది. డయాలసిస్ పనిలోనే పై మెట్టు. ఆ విభాగం మొత్తం మీద ఒక్కరినే ఎంపిక చేశారు. వస్తానో రానో మంగళవారం లోపల చెప్పాలి. దానికి ఎంత కోరికో నాకు తెలుసు. కిడ్నీ జబ్బుతో పల్లెల నుంచి వారానికి రెండుసార్లు ఆటోలు కట్టించుకుని వచ్చేవాళ్లని చూసి ఇంటికొచ్చినరోజు అది సరిగ్గా అన్నం తినదు. ఇంకా నేర్చుకుంటే ఇంకా బాగా చెయ్యగలనని దాని నమ్మకం. పాపని తీసుకెళ్లడానికి లేదు, అక్కడ హాస్టలు. అత్తగారు ఉంచుకుంటానంటే వెళ్తుంది. లేకపోతే లేదు.

మరి అడగవేమని అడిగాను. రెండు వారాలుగా మంచి సమయం కోసం చూస్తోందిట. ఆవిడ ఉద్యోగమంతా ఊరి పిల్లల్నే ఎత్తుకున్నారు, ఇప్పుడిప్పుడే తన కోసం తాను తిరుగుతున్నారు, మళ్లీ చంకలో పిల్లని పెట్టి వెళ్తానంటే ఏమంటారో అని భయం. రేపు అందరి ముందూ నా మీద గెలిస్తే ఆవిడకి మనసు బాగుంటుంది. సోమవారం పొద్దున్నే కాఫీ ఇచ్చి అడిగేస్తుంది. అదీ పథకం.

పాపని నా దగ్గర వదలొచ్చుగా అని నేను అనలేదు. మా అమ్మాయీ అడగలేదు. పుట్టింట్లో ఉంచాలన్నా ముందు అత్తగారితో అనాలి. ఆవిడని దాటి నన్నడిగితే ఆరు నెలల శిక్షణకి బదులు ఆరేళ్ల మాట మిగులుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా గుచ్చుకుంది.

"ఉద్యోగమంతా ఒక్క మార్కు కలిపి ఎరగను, ఒక్క మార్కు కోసి ఎరగను," అన్నాను.

"ఇవి నీ మార్కులేగా అమ్మా. నీవి నువ్వు కోసుకో," అంది.

మధ్యాహ్నం వాళ్లు పలాస బస్సెక్కాక మావారికి చెప్పాను. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో పరుగు అనేది టైముకి బయల్దేరని వాళ్లు పడే శిక్ష. ఓడిపోవడానికి కూడా పొద్దున్న అంత దూరం వెళ్లి సాధన చెయ్యాలా అని మాత్రం అడిగారు.

చెయ్యాలి. ఆ సాయంత్రమే తెలిసింది. గెలవడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు, ఉన్న శక్తంతా పెడితే సరిపోతుంది. ఓడిపోవడానికి లెక్క కావాలి. ఆవిడకన్నా వెనక చేరాలి. మరీ వెనకైతే కావాలని చేసినట్టు తెలుస్తుంది. మరీ దగ్గరైతే ఆవిడకి గెలిచిన తృప్తి ఉండదు. పైగా గడువు దాటకూడదు. దాటితే ఆవిడ గెలిచింది ఎవరి మీద? నేను లెక్కలోనే ఉండను. రెండు నిమిషాల తేడా పెట్టుకున్నాను. ఎక్కడెక్కడ ఎంత వదలాలో పేపరు మీద రాసుకుని, నోటికి వచ్చాక చింపేశాను.

పందెం రోజు తెల్లవారుజామున క్లబ్బువాళ్ల లారీ మా సైకిళ్లు ఎక్కించుకుపోయింది. మావారూ నేనూ ఆటోలో వెనకే వెళ్లాం. ఒడ్డున పడవలు లాగి ఉన్నాయి. మగవాళ్లు వలలు విప్పుతున్నారు, ఆడవాళ్లు చేపలు వేరుచేస్తున్నారు. ఈత కుర్రాళ్లు అప్పటికే నీళ్లలోకి దిగి, గుర్తుకి తేలేసిన ఎర్ర బుడగ చుట్టూ తిరిగి, రొప్పుతూ పైకొస్తున్నారు. చేపలు ఏరుతున్న ఒకావిడ పక్కావిడతో అంది, సముద్రంలోకి ఎల్లి ఒట్టి సేతుల్తో వత్తన్నారేటే ఈలు అని. ఆ కుర్రాళ్లలో ఇద్దరు డాక్టర్లు. విననట్టు పరిగెత్తారు.

మా అల్లుడు తల్లినీ, భార్యనీ, పాపనీ తీసుకొచ్చాడు. మా అమ్మాయి నా చొక్కాకి నంబరు కాగితం పిన్నీసుతో గుచ్చుతూ నా మొహంలోకి చూసింది. నేను తలూపాను. కాస్త అవతల మా అల్లుడు వాళ్లమ్మకి నంబరు గుచ్చుతున్నాడు. అతనూ ఆవిడ చెవి దగ్గర ఏదో అన్నాడు. కొడుకు కదా, జాగ్రత్తలు చెబుతున్నాడనుకున్నాను.

విజిలు వేశారు. అందరూ ముందుకి పోయారు. మేమిద్దరం మిగిలాం.

పరుగులో ఆవిడ నాకన్నా ముందుంటారని నా లెక్క. ఆ రోజు ఉండలేదు. నేను కాస్త తగ్గాను. ఆవిడా తగ్గారు. ఇంకాస్త తగ్గాను. ఆవిడ బూటు తాడు ఊడిందని వంగారు. నేను దాటిపోతే నా పథకం చెడుతుంది కాబట్టి కళ్లజోడు తుడుచుకుంటూ ఆగాను. మళ్లీ కొంతదూరం వెళ్లాక ఆవిడ రెండో బూటు తాడు. ఎండు చేపలు ఆరేస్తున్న ఒక ముసలావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, పరిగెట్టలేనోల్లు ఎందుకమ్మా వచ్చేరు, ఇలా నీడకి రండి అని పిలిచింది.

కొబ్బరి తోటలో సైకిళ్లు చెట్లకి చేర్చి పెట్టారు. నేను నా సైకిలు దగ్గర నిలబడి, ఆవిడ బయల్దేరాలని చూస్తున్నాను. ఆవిడ హెల్మెట్టు పట్టీ పెట్టుకోలేక అవస్థ పడుతున్నారు. ముప్పై ఏళ్లు తన్నుకునే పసిపిల్లల్ని ఒక చేత్తో పట్టుకుని సూది గుచ్చిన మనిషికి ఆ పట్టీ దొరకడం లేదు. చివరికి ఇద్దరం ఒకేసారి ఎక్కాం.

సైకిలుకి ఒక గుణం ఉంది. కొంత నెమ్మది దాటితే అది ఒప్పుకోదు, పడేస్తుంది. మా బడిలో వార్షికోత్సవానికి ఆడపిల్లలకి నెమ్మది సైకిలు పోటీ పెట్టేవాళ్లం. అందరికన్నా వెనక చేరినవాళ్లు గెలిచినట్టు. ఆ తోటల మధ్య రోడ్డు మీద మేం సరిగ్గా ఆ పోటీయే ఆడాం. మాకన్నా ముందు పోతున్న ఎడ్లబండి వాడు రెండుసార్లు వెనక్కి తిరిగి, దారి కావాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాం.

పూండి రోడ్డు మీద సగం దూరమయ్యాక వెనక్కి తిరగాల్సిన మలుపు దగ్గర బల్ల వేసి నీళ్లు పెట్టారు. ముందు మీరు తీసుకోండని నేను, కాదు మీరేనని ఆవిడ. బల్ల దగ్గర కూర్చున్న బ్యాంకాయన రెండు గ్లాసులూ రెండు చేతులతో ఒకేసారి చాపితేగాని అది తెమల్లేదు. అక్కడ చేతి గడియారం చూసుకున్నాను. గంటా పది నిమిషాలయింది. మిగిలింది యాభై నిమిషాలు. నా మామూలు వేగంతో వెళ్తే సరిగ్గా సరిపోతుంది. ఓడిపోవడానికి ఒక్క నిమిషం కూడా మిగల్లేదు.

అంటే ఇద్దరిలో ఒకరే గడువులోపల చేరగలరు. అది ఆవిడ కావాలి. నా పేరు పోతే పోయింది. మలుపు తిరిగి, ఒక జీడితోట పక్క పల్లె మొదట్లో నేను సైకిలు దిగి, చైను పడిపోయింది, మీరు వెళ్లండి వదినగారూ అన్నాను.

ఆవిడ వెళ్లలేదు. దిగి, సైకిలు స్టాండు వేసి వచ్చారు.

"వెళ్లండి, మీకు ఆలస్యమవుతుంది," అన్నాను.

"వియ్యపురాల్ని రోడ్డు మీద ఒగ్గీసి ఎల్లిపోతే నలుగురూ ఏటంటారండి," అని వంగి చూశారు. చూసి, "సైను బానే ఉంది కదండి," అన్నారు.

"ఉందా? అయితే గేరేమో."

"మీ సైకిలుకి గేర్లు లేవు కదండి."

ఇద్దరం చైను వైపు చూస్తూ నిలబడ్డాం. ఆ పక్కింటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఎడమ మోచేతి దగ్గర నరాలు తాడులా ఉబ్బి ఉన్నాయి. డయాలసిస్‌కి సూదులు గుచ్చే చెయ్యి అలా అవుతుంది. ఉద్దానంలో ఆ చేతిని చూసి ఎవరూ ఏమైందని అడగరు. ఆయన మా వియ్యపురాల్ని గుర్తుపట్టి నర్సమ్మా అని పలకరించాడు. ఆయన పిల్లలిద్దరికీ ఆవిడే టీకాలు వేశారట.

"మీ కోడలమ్మ విశాపట్నం ఎల్తాదంట కదా, ఆరు నెల్లు," అన్నాడు. "మా వార్డంతా అదే మాట. ఆ తల్లి సూది గుచ్చితే నొప్పి తెలీదు. ఎల్లి మల్లీ మా వార్డుకే రమ్మనండి, మరెవుల్నో పంపీకుండా. ఆరు నెల్లు మేం ఎలాగో ఓర్సుకుంతాం."

సోమవారం కాఫీతో చెప్పాల్సిన మాట ఆదివారం ఎండలో అరుగు మీద నుంచి బయటపడింది. నేను గబుక్కున మళ్లీ చైను వైపు వంగాను. ఆవిడ మాత్రం తొణక్కుండా, తెలుసునండి అన్నారు ఆయనతో. తరవాత నా వైపు తిరిగారు.

"మావోడు నిన్న రాత్రి సెప్పేడు. రేపు అత్తయ్యగార్ని గెలవనియ్యమ్మా, ఆవిడ సంతోసంగా ఉంటే పాపని టెక్కల్లో ఉంచుకోమని అడుగుతానన్నాడు. అందుకే నేను ఎనకాల పడదామని సూత్తంటే, మీరు నాకన్నా ఎనక్కి పోతన్నారు."

నాకు ముందు నవ్వొచ్చింది. తరవాత మా అమ్మాయి చెప్పిందంతా చెప్పేశాను. దాచడానికి ఇంకేం మిగిలింది? ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పిల్లని కన్నవాళ్లు. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే పథకం వేసి, ఎవరి తల్లికి వాళ్లు ఓడిపోమని చెప్పారు. ఇద్దరికీ లెక్కలు చెప్పినవాళ్లెవరో గాని, వాళ్లలో ఒకరికి నేనే చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. అరుగు అంచున కూర్చున్నారు.

"నన్ను అడగనేదండి," అన్నారు. "ఎంతమంది పిల్లల్ని ఎత్తుకున్నానో నాకే తెలీదు. నా మనవరాల్ని ఎత్తుకోనంటానని ఎవులు సెప్పేరు ఆలకి?"

"నన్నూ అడగలేదు వదినగారూ," అన్నాను.

నాలుగేళ్లలో మొదటిసారి ఆవిడ పక్కన, ఆవిడ కూర్చోమనకుండానే కూర్చున్నాను. కాసేపు ఇద్దరం పిల్లల్ని తిట్టుకున్నాం. ఆవిడ మా అమ్మాయిని తిట్టలేదు, నేను ఆవిడ కొడుకుని తిట్టలేదు. ఎవరి పిల్లని వాళ్లు తిట్టుకున్నాం. అరుగు మీది పెద్దాయన కొంతసేపు విని, మా నంబరు కాగితాలు చూసి, మీకు టయిమైపోతంది కాదామ్మా అని గుర్తుచేశాడు.

గడియారం చూశాను. గడువులోపల చేరడం ఇక ఎవరి తరమూ కాదు. ఆ మాట చెప్పాను. ఆవిడ లేచి కొంగులాగా దుపట్టా బిగించుకున్నారు.

"అయితే ఇక ఆల పందెం కాదు, మనదే. ఎవులు ముందెల్తే పాప ఆలింటికాడ. ఏటంటారు?"

కొడుకు పిల్లని కోడలి పుట్టింటి మీద పందెం కాయడం ఏ ఆచారంలోనూ లేదు. ఆ మాట అనవలసిన మనిషి ఆవిడ. ఆవిడే కాశారు. సరేనన్నాను.

ఆ పది నిమిషాల్లో బెంగ తీరిందో, కోపమొచ్చిందో గాని, నా జీవితంలో అంత గట్టిగా సైకిలు తొక్కలేదు. జీడితోటలు, కొబ్బరితోటలు, ఇటుక బట్టీ, బడి, అన్నీ వెనక్కి పోయాయి. వెనక ఆవిడ సైకిలు కీచుమంటూనే ఉంది. ఖాళీ బండితో తిరిగి వస్తున్న ఆ ఎడ్లబండివాడిని దాటాం. ఈసారి దారి అడిగాం. కొబ్బరితోటలో నేను దిగేసరికి ఆవిడ ఇంకా రోడ్డు మలుపులో ఉన్నారు. హెల్మెట్టు తీసి పడేసి పరుగందుకున్నాను.

ఇసకలో పరుగు నా చదువు కాదు, ఆవిడది. ఐసు ఫ్యాక్టరీ దాటేసరికి వెనక అడుగులు వినిపించాయి. వలలు ఆరేసే చోటికి వచ్చేసరికి భుజం పక్కన ఊపిరి వినిపించింది. అక్కడ రోడ్డుకి ఒక పక్క మా అమ్మాయి పాపనెత్తుకుని నిలబడింది. నేను పరిగెడుతున్న తీరు చూసి దాని మొహం పాలిపోయింది. ఖాళీ చేతిని కిందికి కిందికి ఊపుతూ నెమ్మది, నెమ్మది అని సైగ చేసింది. రోడ్డుకి రెండో పక్క మా అల్లుడు. వాళ్లమ్మని చూసి అతనూ అదే సైగ. ఇద్దరూ మా కాళ్లవైపే చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోలేదు. మేం వాళ్లిద్దరి మధ్య నుంచి, వాళ్లు చెప్పిన పని చెయ్యకుండా, దాటిపోయాం.

గడువు దాటి చాలాసేపైంది కాబట్టి క్లబ్బువాళ్లు గుడ్డ తోరణం విప్పి మడతపెట్టేశారు. సున్నంతో గీసిన గీత మీద బెస్తవాళ్లు వాళ్ల వల వాళ్లు పరుచుకున్నారు. అది ఎప్పుడూ వాళ్లు వల ఆరేసే చోటే. మావారొక్కరే ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో ఉప్మా ప్లేటుతో ఉన్నారు. వల అంచు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నాకన్నా నాలుగు అడుగులు ముందున్నారు. నా ఒంట్లో ఉన్నదంతా పెట్టాను. నాలుగడుగులు అలాగే ఉన్నాయి.

"చెల్లెమ్మగారు ఫస్టు," అన్నారు మావారు, చెంచా దించి. "నువ్వు సెకండు."

క్లబ్బువాళ్లు తరవాత పంపిన జాబితాలో మా ఇద్దరి పేర్ల పక్కనా పూర్తి చేయలేదనే ఉంది. అప్పటికి ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. మా అమ్మాయీ అల్లుడూ పరిగెత్తుకొచ్చారు. మా వియ్యపురాలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. తల ఎత్తి, మా అమ్మాయి చంకలోంచి పాపని తీసుకున్నారు.

"మంగళవారం దాకా ఎందుకే? ఎల్తానని ఇయాలే ఫోను సేసి సెప్పీ," అన్నారు. "ఆరు నెల్లు పాప నా దగ్గిరుంటాది. శనాదివారాలు టెక్కల్లో."

శనాదివారాలు ఆవిడ గెలిచిన వాటాలోవే. నేను అడగలేదు, ఆవిడే కోసిచ్చారు. ఇక శనివారాలు నేను రోడ్డెక్కితే పిల్లని ఎవరెత్తుకుంటారని మావారి వైపు చూశాను. ఆయన అప్పటికే ఉప్మా పాపకి తినిపించే ప్రయత్నంలో ఉన్నారు.

మా అల్లుడు నోరు తెరిచి, వాళ్లమ్మ చూపు చూసి, మూసేశాడు. ఆ చూపు వెనకాల ఇంటికెళ్లాక జరగబోయే సంభాషణ మొత్తం ఉంది. మా అమ్మాయికి మాత్రం అదేమీ అంటలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని అత్తగారి చెయ్యి పట్టుకుంది, ఫోను తీసింది, మళ్లీ లోపల పెట్టింది. తరవాత ఇసకలో కూలబడ్డ నా పక్కకి వచ్చి, బూటు తాళ్లు విప్పుతూ, ఎవరికీ వినపడకూడదని గుసగుసగా అంది.

"నీ మేలు మర్చిపోనమ్మా. అచ్చం నిజంగా పరిగెత్తినట్టే పరిగెత్తావు. ఆఖర్న ఆ నాలుగడుగులు వదలడం చూడు, ఎవరికీ అనుమానం రాలేదు."

దిద్దాలని నోరు తెరిచాను. ఊపిరి అందలేదు. పాపని భుజాన వేసుకుని అటు తిరిగి ఉన్న మా వియ్యపురాలి వీపు కదులుతోంది. గుసగుస ఆవిడదాకా వెళ్లినట్టుంది. రొప్పుతో అయితే వీపు అంతసేపు కదలదు, నవ్వుతో అయితేనే కదులుతుంది.